పెళ్లి వీడియోల ఎడిటింగుకూ ఆటలకూ ఒకే కంప్యూటర్: లక్షన్నరలో ఏ భాగాలు తీసుకోవాలి?

పెళ్లిపందిరి (తెనాలి)

అందరికీ నమస్కారం. తెనాలిలో చిన్న స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, గృహప్రవేశాలు నేనే తీసి నేనే ఎడిట్ చేసుకుంటాను. ఇప్పుడున్న కంప్యూటర్‌లో ఇంటెల్ ఐ5-9400ఎఫ్ ప్రాసెసర్, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1660 కార్డు, 450 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. పాత కెమెరా ఉన్నంతకాలం దీనితోనే నెట్టుకొచ్చాను గానీ, సోనీ ఏ7 ఫోర్ కొన్న తర్వాత ప్రీమియర్ ప్రో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు కెమెరాల క్లిప్పులు ఒకదానిపై ఒకటి పెడితే చాలు, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. తలంబ్రాల ఘట్టంలో ఏ క్షణం దగ్గర కత్తిరించాలో తెలియని పరిస్థితి. రాత్రిపూట ఇదే యంత్రం మీద మా తమ్ముడు వాలరంట్, సైబర్‌పంక్ 2077 ఆడతాడు. మానిటర్ 27 అంగుళాలది, 1440పీ, 165 హెర్ట్జ్, దాన్ని మార్చను.

ఇక్కడి దుకాణంలో రాసిచ్చిన కొటేషన్‌లో రైజెన్ 7 9800ఎక్స్3డీ, బీ650 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్5, ఆర్‌టీఎక్స్ 5060 8 జీబీ, 1 టీబీ ఎన్‌వీఎంఈ, 650 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. లక్షన్నరకు కాస్త అటూ ఇటూ అవుతుందన్నారు. ఇది సరైన జోడింపేనా, మార్చవలసినవి ఉన్నాయా, దయచేసి చెప్పండి.

మామిడితోట (నూజివీడు)

అన్నా, ఆటల వరకు నేను చెబుతాను. 9800ఎక్స్3డీలో 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగవంతమైన మెమరీ) ఉండడం వల్ల ఆటల్లో అది చాలా బలమైన ప్రాసెసర్ అన్నమాట నిజమే. అయితే ఆ బలం బయటపడాలంటే కార్డు కూడా ఆ స్థాయిలో ఉండాలి. 1440పీలో సైబర్‌పంక్ ఆడేటప్పుడు ఆర్‌టీఎక్స్ 5060 తన శక్తినంతా ముందే ఖర్చు చేసేసి కూర్చుంటుంది, ప్రాసెసర్ దాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. వాలరంట్ సంగతి వేరు, దాన్ని మామూలు ఆరు కోర్ల ప్రాసెసర్ కూడా 165 హెర్ట్జ్‌కు పైనే నడిపిస్తుంది. పైగా ఈ రోజుల్లో 8 జీబీ వీడియో మెమరీ 1440పీకి ఇరుకు. ఈ కొటేషన్‌లో డబ్బు పెట్టవలసిన చోట పెట్టలేదనిపిస్తోంది. రైజెన్ 5 9600ఎక్స్ తీసుకుని, మిగిలిన డబ్బుతో ఆర్‌టీఎక్స్ 5070కి వెళ్లండి.

కోడెక్ పంతులు (విశాఖపట్నం)

ప్రాసెసర్, కార్డు ఏదన్నది తేల్చే ముందు ఒక ప్రశ్నకు సమాధానం కావాలి. ఆ కెమెరాలో మీరు ఏ ఫార్మాట్‌లో రికార్డు చేస్తున్నారు? 4కే అన్న ఒక్క మాట సరిపోదు. ఒకే కెమెరా, ఒకే 4కే రెండు వేరు వేరు సెట్టింగులలో తీస్తే ఒక ఫైలు పాత కంప్యూటర్‌లో కూడా హాయిగా నడుస్తుంది, రెండోది కొత్త కంప్యూటర్‌ను కూడా చతికిలబడేలా చేస్తుంది. ఉచితంగా దొరికే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక క్లిప్పును తెరిచి, వీడియో విభాగంలో ఫార్మాట్, బిట్ రేటు, క్రోమా సబ్‌శాంప్లింగ్, బిట్ డెప్త్ అనే నాలుగు వరుసలు ఇక్కడ రాయండి. ఆ నాలుగూ తెలియకుండా ఇచ్చే సలహా ఏదైనా ఊహే అవుతుంది.

పెళ్లిపందిరి (తెనాలి)

పంతులు గారూ, మీరు చెప్పినట్టే చూశాను. ఫార్మాట్ ఏవీసీ, బిట్ రేటు దాదాపు 140 మెగాబిట్లు, క్రోమా 4:2:2, బిట్ డెప్త్ 10, ఫ్రేములు సెకనుకు 25. కెమెరా మెనూలో దీని పేరు ఎక్స్ఏవీసీ ఎస్ 4కే. మన కల్యాణ మండపాల్లో లైట్లు 50 హెర్ట్జ్ కరెంటు మీద నడుస్తాయి కాబట్టి మినుకు రాకుండా 25 ఫ్రేములకే కట్టుబడి ఉంటాను. 10-బిట్ మాత్రం వదులుకోలేను. ఎర్రటి పట్టుచీర మీద జరీ, పసుపు రాసిన ముఖం, మండపం ఎల్ఈడీ కాంతి, ఇవన్నీ ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు 8-బిట్‌లో రంగులు సరిదిద్దబోతే చారలు తేలుతున్నాయి.

కోడెక్ పంతులు (విశాఖపట్నం)

ధన్యవాదాలు. చిక్కు ముడి ఇక్కడే ఉంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

4:2:0లో నాలుగు పిక్సెళ్ల చతురస్రానికి రంగు సమాచారం ఒకటే ఉంటుంది. 4:2:2లో పక్కపక్కనున్న రెండు పిక్సెళ్లకు ఒకటి ఉంటుంది. రంగు దిద్దుకునేవారికి రెండోదే మేలు. అయితే వీడియోను విప్పడానికి కార్డుల్లోనూ ప్రాసెసర్లలోనూ విడిగా ఉండే డీకోడర్ భాగం చాలాకాలం పాటు 4:2:0ను దృష్టిలో పెట్టుకునే తయారైంది. ఆర్‌టీఎక్స్ 40 తరం వరకు వచ్చిన జీఫోర్స్ కార్డులేవీ 4:2:2ను విప్పలేవు. మీ 1660 కూడా అంతే. అందువల్ల మీ క్లిప్పుల భారమంతా 9400ఎఫ్‌లోని ఆరు కోర్ల మీదే పడుతోంది, కార్డు మాత్రం ఖాళీగా కూర్చుంటోంది.

ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్‌సింక్ అనే డీకోడర్ భాగం 11వ తరం నుంచి 4:2:2 10-బిట్‌ను విప్పగలదు. చాలామంది ఎడిటర్లు ఇంటెల్‌నే సిఫారసు చేయడానికి కారణం అదే. కానీ ఆ సాయం హెచ్.265కు మాత్రమే. మీ ఫైళ్లు హెచ్.264, అంటే ఏవీసీ. దానిలో 4:2:2ను ఇప్పుడు బజారులో ఉన్న కోర్ అల్ట్రా 200ఎస్ ప్రాసెసర్ల క్విక్‌సింక్ కూడా పట్టించుకోదు. హెచ్.265కి, అంటే ఎక్స్ఏవీసీ హెచ్ఎస్‌కు మారిపోదామా అంటే, పాల్ పద్ధతిలో (మనలాంటి 50 హెర్ట్జ్ దేశాల సెట్టింగు) మీ కెమెరా దాన్ని 4కేలో 50 ఫ్రేములకే ఇస్తుంది, 25కు ఇవ్వదు. మీరు 25 ఫ్రేములు విడిచిపెట్టనంతకాలం ఆ దారి మూసుకున్నట్టే.

ఈ రెంటినీ, అంటే హెచ్.264 4:2:2నూ హెచ్.265 4:2:2నూ, కార్డులోనే విప్పే సామర్థ్యం ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 50 తరంతో వచ్చింది. ప్రీమియర్ ప్రో 2025 ఏప్రిల్‌లో విడుదలైన 25.2తో దాన్ని వాడుకోవడం మొదలుపెట్టింది. ఎప్పుడైనా డావిన్చీ రిజాల్వ్‌కు మారదలిస్తే ఇలాంటి హార్డ్‌వేర్ సదుపాయాల కోసం 295 డాలర్ల స్టూడియో రూపం కొనవలసి ఉంటుందని ముందే లెక్కలో పెట్టుకోండి.

మీ విషయంలో మొదట నిర్ణయించవలసింది కార్డు తరం, ప్రాసెసర్ కోర్ల సంఖ్య ఆ తర్వాత. ప్లేబ్యాక్ వరకు మీ కొటేషన్‌లోని 5060 కూడా ఈ పని చేస్తుంది. అది రాసినవారికి ఈ సంగతి తెలిసి రాశారని మాత్రం నేననుకోను.

సికింద్రాబాదీ (సికింద్రాబాద్)

పంతులు గారి వివరణ తర్వాత కార్డు గురించి నేను కలిపేదేమీ లేదు. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో యంత్రాలు బిగించే పనిలో ఉన్నాను కాబట్టి ర్యామ్ గురించి చెబుతాను, ఎందుకంటే ఈ రోజున మీ బడ్జెట్‌ను తలకిందులు చేసేది అదే.

2025 శరదృతువు నుంచి ర్యామ్ ధరలు పెరుగుతూ పోయాయి. ఏఐ సర్వర్ల గిరాకీకి మెమరీ కంపెనీలు తమ ఉత్పత్తిని అటు మళ్లించడమే ప్రధాన కారణం. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకు ర్యామ్ అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామని మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించిందంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. ఆ వేసవిలో 64 జీబీ కిట్‌కు పెట్టిన డబ్బుకు ఇప్పుడు 32 జీబీ కిట్ కూడా రావడం లేదు. కాబట్టి ఉదయం చెప్పిన ధర సాయంత్రం ఉండదని దుకాణదారు అంటే మోసమని అనుకోకండి.

రెండో సంగతి. ఇప్పుడు 16 జీబీవి రెండు పెట్టి, తర్వాత ఇంకో రెండు కలుపుకుందామనే ఆలోచన ఏఎం5 సాకెట్ బోర్డుల్లో (మీ కొటేషన్‌లోని బీ650 అలాంటిదే) పనికిరాదు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు స్టిక్కులతో డీడీఆర్5-5200 వేగాన్ని ఏఎండీ హామీ ఇస్తుంది, నాలుగు స్లాట్లూ నింపితే ఆ హామీ 3600కు పడిపోతుంది. రెండు స్టిక్కులను ఎక్స్‌పో ప్రొఫైల్‌తో (ర్యామ్‌లో ముందే రాసి ఉండే పై వేగం సెట్టింగు) 6000 దగ్గర నడుపుకోవడం మామూలే, నాలుగింటితో అది అదృష్టం మీద ఆధారపడుతుంది. పెంచుకోవలసి వస్తే పాత జతను అమ్మేసి 32 జీబీవి రెండు కొనడమే పద్ధతి. ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ రెండూ ఒకేసారి తెరిచే అలవాటు ఉంటే 64 జీబీ అవసరమే, ప్రీమియర్ ఒక్కటే అయితే 32తో పని జరుగుతుంది.

మామిడితోట (నూజివీడు)

పంతులు గారూ, ఒక సందేహం. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం క్లిప్పులకు తేలికపాటి నకళ్లు, చేసుకుంటే పాత యంత్రంలోనే పని జరుగుతుంది కదా, ఈ డీకోడర్ గొడవంతా ఎందుకు? ఇంకొకటి, 5070కి 12 జీబీ, 5060 టీఐకి 16 జీబీ మెమరీ ఉన్నాయి. ఆటల్లో 5070 స్పష్టంగా వేగంగా ఉంటుంది. ఎడిటింగ్ కోసం అన్న దేనివైపు మొగ్గాలి?

కోడెక్ పంతులు (విశాఖపట్నం)

ప్రాక్సీలు మంచి పద్ధతే. 1080పీ ప్రోరెస్ ప్రాక్సీ 25 ఫ్రేములకు సుమారు 38 మెగాబిట్లు తీసుకుంటుంది, గంటకు 17 జీబీ. నెలకొక పెళ్లి చేసేవారికి నేను అదే చెబుతాను. కానీ మాఘం, వైశాఖం లాంటి లగ్నాల రోజుల్లో మూడు పెళ్లిళ్లు వరుసగా వస్తే, 140 మెగాబిట్ల ఫుటేజీ గంటకు 63 జీబీ చొప్పున, రెండు కెమెరాలు చెరో నాలుగు గంటలు తిరిగితే ఒక్క పెళ్లికే 500 జీబీ అవుతుంది. పాత ఆరు కోర్లు దాన్నంతా ప్రాక్సీలుగా మార్చేసరికి తర్వాతి పెళ్లి వచ్చేస్తుంది.

5070, 5060 టీఐ రెండింటిలోనూ డీకోడర్ ఒకటే, ఎన్‌కోడర్ ఒకటే, తరమూ ఒకటే. అందుచేత క్లిప్పులు నడిపించడంలోనూ ఎగుమతిలోనూ పెద్ద తేడా రాదు. నాయిస్ తగ్గించడం, బరువైన ఎఫెక్టులు వేయడం వంటి పనుల్లో 5070 ముందుంటుంది, కానీ 4కేలో అటువంటివి రెండు మూడు పొరలు వేస్తే 12 జీబీ నిండిపోయే ప్రమాదం ఉంది. స్టూడియో అన్నం పెడుతోంది, ఆట తమ్ముడి సరదా. అందుకే నా ఓటు 16 జీబీ 5060 టీఐకే. అదే పేరుతో 8 జీబీ రకం కూడా అమ్ముతున్నారు, బిల్లులో 16 జీబీ అని రాయించుకోండి.

డాలస్ వాసి (టెక్సస్)

వేసవికి ఇండియా వస్తున్నాను. ఇక్కడ కార్డు చవక కదా, తెమ్మని అడిగేవారు ప్రతిసారీ ఉంటారు, కాబట్టి ముందే చెబుతున్నాను. చాలా బ్రాండ్లు వారంటీని కొన్న దేశానికే పరిమితం చేస్తాయి, చెడిపోతే మళ్లీ ఇక్కడికే పంపాలి. విమానాశ్రయంలో సుంకం పడితే ఆ చవకా మిగలదు. ర్యామ్ అయితే ఇక్కడా మండిపోతోంది. స్టూడియో కోసం కొనేవారు ఊళ్లోనే బిల్లుతో కొనడం మంచిది.

ఎర్తువైరు (కాకినాడ)

విద్యుత్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. ఇంతమంది ఇంత చర్చించారు, పవర్ సప్లై గురించి 650 వాట్లు అన్న అంకె తప్ప ఎవరూ మాట్లాడలేదు.

ముందు ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్ నడుస్తుండగా క్యాబినెట్ వెనుక రంగు వేయని ఒక స్క్రూ మీద టెస్టర్ పెట్టండి. లోపలి నియాన్ దీపం మసకగానైనా వెలిగితే మీ ప్లగ్గుకు ఎర్తింగ్ లేదని అర్థం. పవర్ సప్లై లోపలి ఫిల్టర్‌లో ఫేజుకూ బాడీకీ, న్యూట్రల్‌కూ బాడీకీ మధ్య చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే అవి బాడీని సగం వోల్టేజీ దగ్గర, అంటే 230లో 115 చుట్టూ నిలబెడతాయి. కరెంటు స్వల్పమే కాబట్టి చేయి చురుక్కుమనడంతో సరిపోతుంది, కానీ ఆ స్థితిలో కెమెరాను యూఎస్‌బీ తీగతోనూ, టీవీని హెచ్‌డీఎంఐతోనూ తగిలిస్తే పోర్టులు కాలిపోయే అవకాశం ఉంది. మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన వెనుక మూడో తీగ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో చాలా చోట్ల ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత ముందు ఆ పని చేయించండి.

తర్వాత కరెంటు పోవడం గురించి. నేటి మంచి పవర్ సప్లైలలో యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సమంగా లాగే సర్క్యూట్) ఉంటుంది. చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్ల మెట్ల తరంగంతో వాటిలో కొన్నింటికి పొసగదు, కరెంటు పోయిన క్షణంలో యంత్రం ఆగిపోతుంది. ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ తీసుకోండి. వీఏ అంకెను చూసి మోసపోవద్దు; 600 వీఏ అని రాసినది వాట్లలో చూస్తే సాధారణంగా 360కి మించదు. ఇంట్లో సైన్‌వేవ్ ఇన్వర్టర్ ఉంటే చాలావాటికి యూపీఎస్ మోడ్ మీట ఉంటుంది, దాన్ని ఆ వైపుకు నొక్కితే మారే వ్యవధి తగ్గుతుంది. కంప్యూటర్ పవర్ సప్లై లోపలి నిల్వతో సుమారు 16 మిల్లీసెకన్లే ఓర్చుకుంటుంది కాబట్టి ఆ మీట ముఖ్యం.

పెళ్లిపందిరి (తెనాలి)

ఎర్తువైరు గారూ, టెస్టర్ వెలిగింది. రేపు ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. ఇన్నాళ్లూ కాలికి చురుక్కుమంటే చలికాలం అనుకుని వదిలేశాం.

ఇవన్నీ చదివాక నాకొక ఆలోచన వచ్చింది. ర్యామ్ ధర ఇలా ఉన్నప్పుడు మొత్తం యంత్రం ఇప్పుడే కొనడం ఎందుకు? 5060 టీఐ 16 జీబీ, 750 వాట్ల గోల్డ్ పవర్ సప్లై, ఫుటేజీ కోసం 2 టీబీ ఎన్‌వీఎంఈ మాత్రం ఇప్పుడు తీసుకుని పాత యంత్రంలోనే బిగిస్తే, మిగిలిన డబ్బు ర్యామ్ దిగేవరకు దాచుకోవచ్చు. ఇందులో నాకు కనిపించని ఇబ్బంది ఏదైనా ఉందా?

సికింద్రాబాదీ (సికింద్రాబాద్)

మాకు వ్యాపారం తగ్గినా సరే, మీ ఆలోచనే మెరుగు. రెండు మూడు జాగ్రత్తలు చెబుతాను. మీ బోర్డులో కార్డు స్లాట్ పాత పీసీఐఈ 3.0 తరానిది, 5060 టీఐ అందులో ఎనిమిది లేన్లే (డేటా దారులు) వాడుతుంది కాబట్టి కొంత వేగం తగ్గుతుంది. మెమరీ నిండి పొంగినప్పుడే ఆ తగ్గుదల బాగా తెలుస్తుంది కనుక 16 జీబీ రకంలో ఇబ్బంది తక్కువ. ఆ కార్డు 180 వాట్లది, చాలా మోడళ్లకు 8 పిన్నుల తీగ ఒక్కటే కావాలి. పవర్ సప్లై మార్చేటప్పుడు పాతదాని తీగలు ఒక్కటి కూడా ఉంచకండి. మాడ్యులర్ తీగల కనెక్టర్ సరిగ్గా పట్టినా లోపలి వరుస ఒక్కో కంపెనీది ఒక్కో విధంగా ఉంటుంది, 5 వోల్టులు వెళ్లవలసిన చోట 12 వెళ్లి హార్డ్ డిస్కులు కాలిపోయిన యంత్రాలు మా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

ఎన్‌వీఎంఈలో చవకైన క్యూఎల్‌సీ రకం వద్దు. పెళ్లిలో తీసిన మెమరీ కార్డులన్నీ ఒకేసారి కాపీ చేస్తుంటే మొదట్లో పరుగెత్తి, క్యాష్ నిండగానే మామూలు హార్డ్ డిస్కు కంటే కూడా నెమ్మదించేవి వాటిలో ఉన్నాయి. టీఎల్‌సీ అని నిర్ధారించుకోండి. స్టూడియోకు జీఎస్టీ నంబరు ఉంటే బిల్లు ఆ నంబరు మీద రాయించండి, 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వస్తుంది.

పెళ్లిపందిరి (తెనాలి)

మూడూ కొని బిగించాను. అదే పెళ్లి, అదే టైమ్‌లైన్. ప్రీమియర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి ప్లే నొక్కగానే టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద ‘వీడియో డీకోడ్’ అనే గీత పైకి లేచింది, ఇంతకుముందు నూటికి నూరు దగ్గర అతుక్కుపోయే ప్రాసెసర్ గీత కిందికి దిగింది. రెండు కెమెరాల క్లిప్పులు ఆగకుండా నడుస్తున్నాయి. మూడో కెమెరా పొర కలిపి రంగులు దిద్దితే అక్కడక్కడ ఫ్రేములు జారుతున్నాయి. సైబర్‌పంక్‌లో జనం ఎక్కువగా ఉన్న వీధుల్లో ప్రాసెసర్ తడబడుతోందని తమ్ముడి ఫిర్యాదు. ఇక ర్యామ్ దిగాక ఏ ప్రాసెసర్ తీసుకోవాలో కూడా చెప్పేస్తే రాసిపెట్టుకుంటాను.

కోడెక్ పంతులు (విశాఖపట్నం)

డీకోడింగ్ భారం కార్డు మీదికి వెళ్లిపోయింది కాబట్టి ఇప్పుడు రెండు దారులూ తెరిచే ఉన్నాయి. పన్నెండు కోర్ల రైజెన్ 9 7900 ఒకటి, ఇరవై కోర్ల కోర్ అల్ట్రా 7 265కే మరొకటి. ఎగుమతి, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ పనుల్లో రెండూ మీ అవసరానికి మించినవే. ఏఎం5 సాకెట్‌కు 2027 వరకు, ఆ తర్వాత కూడా మద్దతు ఉంటుందని ఏఎండీ ప్రకటించింది కనుక, ముందు ముందు తమ్ముడి కోసం ఎక్స్3డీ ప్రాసెసర్ ఒక్కటి మార్చుకునే వీలు ఉంటుంది. నేనైతే 7900 వైపే మొగ్గుతాను.

మామిడితోట (నూజివీడు)

నాదీ అదే మాట అన్నా. పైగా 7900 టీడీపీ (కంపెనీ చెప్పే వేడి అంచనా) 65 వాట్లే. మన వైపు మే నెలలో గది 38 డిగ్రీలు ఉంటే ప్రాసెసర్ వేడి కూడా దాదాపు అన్ని డిగ్రీలు పైనుంచే మొదలవుతుంది. ముందు వైపు అద్దం ఉన్న క్యాబినెట్ కాకుండా జాలీ ఉన్నది, దుమ్ము ఫిల్టర్ ఊడదీసి కడుక్కోగలిగేది చూడండి. నీళ్ల కూలర్ అక్కర్లేదు, ఒక మంచి టవర్ ఎయిర్ కూలర్ చాలు.

సికింద్రాబాదీ (సికింద్రాబాద్)

బిగించే రోజున ఒక్క విషయం గుర్తు పెట్టుకోండి. ఏఎం5 బోర్డు మొదటిసారి ఆన్ చేసినప్పుడు మెమరీ ట్రైనింగ్ (ర్యామ్‌కు సరిపడే సెట్టింగులు బోర్డు వెతుక్కోవడం) కోసం కొన్ని నిమిషాల పాటు తెర నల్లగానే ఉంటుంది. చెడిపోయిందనుకుని మధ్యలో కరెంటు తీసేయకండి. బయోస్ వచ్చాక ఎక్స్‌పో ఆన్ చేస్తే మళ్లీ ఒకసారి అలాగే ఆగుతుంది. ర్యామ్ కొనేముందు ఆ బోర్డు తయారీదారు సైట్‌లోని మెమరీ జాబితాలో కిట్ పార్ట్ నంబరు ఉందో లేదో చూసుకుని, అప్పటి ధర ఇక్కడ పెట్టండి. అది సబబో కాదో చెబుతాం.